పసుపు చెయ్యి ఎవరికిస్తుంది?



పసుపు కలిపిన చేతిని ఉత్త నీళ్లతో కడిగి చూడండి. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ పచ్చదనం మిగిలిపోతుంది. అదే చేతికి నాలుగు చుక్కల కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడవండి. రంగు నూనెతో పాటు వచ్చేస్తుంది. పసుపుకు నీళ్లంటే పడదు, నూనె అంటే పడుతుంది. వంటింట్లో అందరికీ తెలిసిన ఈ సంగతి వెనక, మందులు తయారుచేసేవాళ్లను ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతున్న చిక్కు ఒకటి ఉంది. ఆ చిక్కులో ఒక ముడిని హైదరాబాదు శాస్త్రవేత్తలు విప్పారు. ఈ పూట ఆ ముచ్చట చెప్పుకుందాం.

ముందు పసుపు పండే కొండలకు వెళ్దాం. లంబసింగి పేరు మీరు వినే ఉంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. స్థానికులు కొర్రబయలు అని కూడా పిలుచుకునే ఈ ఊళ్లో, చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు జారిన రోజులున్నాయి. డిసెంబరు, జనవరి వచ్చాయంటే పొగమంచు చూడటానికి మైదానం నుంచి కార్లు బారులు తీరతాయి. ఆ మంచు రోజులు గడుస్తుండగానే ఈ కొండల్లో పసుపు తవ్వకం మొదలవుతుంది. చింతపల్లి, పాడేరు, గూడెం కొత్తవీధి, ఏ వైపు వెళ్లినా కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్లను పట్టుకుని పాకిన మిరియాల తీగలు. వాలు భూముల్లో పసుపు మడులు. కొన్ని గూడేల్లో పసుపును ఏడాదికే తవ్వరు. రెండేళ్లు నేలలో ఉంచి తీస్తారు.

తవ్విన దుంప మన డబ్బాలోకి పొడిగా వచ్చేలోపు ఎంత పని ఉందో! మట్టి దులిపి, తల్లి దుంపను, పిల్ల కొమ్ములను విడదీస్తారు. పెద్ద పాత్రల్లో నీళ్లు పోసి ఉడికిస్తారు. ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. తక్కువ ఉడికితే ఎండాక కొమ్ము పెళుసవుతుంది, ఎక్కువ ఉడికితే రంగు పాడవుతుంది. తర్వాత రోజుల తరబడి ఎండ. బాగా ఎండిన కొమ్మును విరిస్తే ఖంగుమని చప్పుడు రావాలి. ఆ చప్పుడు వినీ, విరిగిన చోట రంగు చూసీ సరుకు ఎలాంటిదో చెప్పేస్తారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. ఆ దుంప మరిగే నీళ్లలో ఉడికింది కదా. నీళ్లు కాస్త పచ్చబడ్డాయి, అంతే. విరిచి చూస్తే కొమ్ము లోపల ముదురు నారింజ రంగు అలాగే ఉంది. సలసల కాగే నీళ్లే దాన్ని కరిగించి బయటికి లాగలేకపోయాయి. మన కడుపులో ఉండేది గోరువెచ్చని ద్రవం. అక్కడ అదెంత కరుగుతుంది?

ఆ రంగు పేరు కర్కుమిన్. 1815లో వోగెల్, పెల్లెటియే అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పసుపు నుంచి దాన్ని విడదీశారు. ఆ అణువు రూపం ఎలా ఉంటుందో తేల్చడానికి 1910 దాకా పట్టింది. ఎండు పసుపులో అది నూటికి రెండు మూడు పాళ్లు, మంచి రకమైతే ఐదారు పాళ్లు. వాపును తగ్గించే గుణం దానికుందని ప్రయోగశాలల్లో కుప్పలుగా పరిశోధనలు వచ్చాయి.

ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పుకోవాలి. గాజు పళ్లేల్లో పెంచిన కణాల మీద బాగా పనిచేసినట్టు కనిపించిన కర్కుమిన్, మనుషుల మీద జరిగిన పకడ్బందీ పరీక్షల్లో తిరుగులేని మందుగా ఇంకా నిలబడలేదు. పసుపు ఒక్కటే చాలు అన్న ప్రకటనలు నమ్మి, డాక్టరు రాసిన మందులు మానకండి. కర్కుమిన్ ఎందుకు నిలబడలేదు? కారణాలు చాలా ఉన్నాయి. మొదటి కారణం మనం ఇందాక చేతిమీద చూసినదే. నీళ్లలో కరగదు. రోజుకు ఎనిమిది గ్రాముల కర్కుమిన్ మింగించి చూసిన పరీక్షల్లో కూడా రక్తంలో దొరికింది అతి స్వల్పం. కరగనిది రక్తంలోకి పోదు. రక్తంలోకి పోనిది జబ్బున్న చోటికి చేరదు. కరిగిన ఆ కాస్తను కూడా పేగు, కాలేయం త్వరత్వరగా మార్చేసి బయటికి పంపేస్తాయి.

మరి కరగకపోవడం ఎందుకు? దీనికి జవాబు ఆ అణువు చేతుల్లో ఉంది.

అణువుకు చేతులేమిటి అనుకుంటున్నారా? అరకు వైపు ధింసా నాట్యం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఆడవాళ్లు వరుసగా నిలబడతారు. ఒకరి చెయ్యి పక్కవారి నడుము వెనకగా వెళుతుంది. అలా చెయ్యీ నడుమూ కలిసి గొలుసు కట్టి, ఆ గొలుసు మొత్తం ఒక్కటిగా కదులుతుంది. అణువుల్లో కూడా ఇలాంటి పట్టు ఉంది. దాని పేరు హైడ్రోజన్ బంధం. ఆక్సిజన్‌కు గానీ నైట్రోజన్‌కు గానీ అతుక్కుని ఉన్న హైడ్రోజన్, పక్కనున్న మరో ఆక్సిజన్ వైపో నైట్రోజన్ వైపో మొగ్గుతుంది. మొగ్గే ఆ హైడ్రోజన్‌ను చెయ్యి అనుకోండి. దాన్ని నిలుపుకునే ఆక్సిజన్‌ను నడుము అనుకోండి. చెయ్యి ఒకరిది, నడుము మరొకరిది. గుర్తుంచుకోండి, చెయ్యి, నడుము. ఈ రెండు మాటలతోనే ఈ కథంతా నడుస్తుంది.

నీళ్లకు చేతులూ ఉన్నాయి, నడుములూ ఉన్నాయి. పంచదారకు కూడా అంతే. అందుకే పంచదార నీళ్ల గొలుసులోకి చులాగ్గా చేరిపోతుంది. దాన్నే మనం కరగడం అంటాం. నూనెకు నీళ్లతో కలవడానికి చేతులు లేవు. అందుకే పక్కకు తొలగి తేలుతుంది.

మరి కర్కుమిన్‌కు చేతులు లేవా? ఉన్నాయి! విడ్డూరమంతా అక్కడే ఉంది. దానికి మూడు చేతులు. రెండు చివర్లలో ఒక్కొక్కటి, నడిమధ్యలో ఒకటి. కానీ మధ్యలో ఉన్న చెయ్యి బయటికి చాచదు. ఆ హైడ్రోజన్‌కు ఎదురుగా, అందేంత దూరంలో, అదే అణువుకు చెందిన మరో ఆక్సిజన్ ఉంది. చెయ్యి పోయి దాని మీద పడుతుంది. అంటే నాట్యం వరుసలో ఒక మనిషి తన చెయ్యి తన నడుము మీదే పెట్టుకుని నిలబడినట్టన్నమాట. చివర్లలో ఉన్న రెండు చేతుల పక్కన కూడా ఒక్కో ఆక్సిజన్ ఆనుకుని ఉంది. ఆ చేతులు కూడా సగం అటే మొగ్గి ఉంటాయి. పేరుకు మూడు చేతులు. పూర్తిగా ఖాళీగా ఉన్నది ఒక్కటీ లేదు.

ఆ హైడ్రోజన్లు నిజంగా ఉన్నాయని మీ ఇంట్లోనే రుజువుంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే ఏమవుతుంది? ఎర్రబడుతుంది. హారతికి, దిష్టికి మన అమ్మమ్మలు కలిపే ఎర్రనీళ్లు అవే. సున్నం ఆ అణువు నుంచి హైడ్రోజన్‌ను లాగేస్తుంది. చెయ్యి పోయిన అణువు వెలుగును మరో తీరుగా పీల్చుకుంటుంది. మన కంటికి ఎరుపు కనిపిస్తుంది. పళ్లెంలో రంగు మారిన ఆ క్షణంలో జరిగేది హైడ్రోజన్ల రాకపోకలే.

తన నడుము తనే పట్టుకున్న అణువుల గురించి నియమాలను చక్కగా చెప్పిన శాస్త్రవేత్త మార్గరెట్ ఎట్టర్. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఎన్నో స్ఫటికాలను పక్కపక్కన పెట్టి, వాటిలో ఎవరి చెయ్యి ఎవరి నడుము మీద ఉందో ఓపిగ్గా లెక్క తీశారు. 1990లో ఆ నియమాలను ఒక వ్యాసంలో కూర్చారు. యాభై ఏళ్లైనా నిండకుండానే 1992లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆమె నియమాలను ఇంటి భాషలో చెబితే ఇలా ఉంటుంది. పట్టు దొరికితే ఏ మంచి చెయ్యీ ఖాళీగా ఉండదు. ఒకే అణువులో, ఆరు పరమాణువులతో చిన్న వలయం కట్టేలా చెయ్యీ నడుమూ ఎదురెదురుగా ఉంటే, ఆ లోపలి పట్టే ముందు పడుతుంది. ఆ తర్వాత మిగిలిన వాటిలో, అన్నిటికన్నా బలమైన చెయ్యి అన్నిటికన్నా మంచి నడుమును వెతుక్కుంటుంది.

ముందు ఇంట్లో పట్టు. మిగిలితేనే బయటి పట్టు. కర్కుమిన్ మధ్యలో ఉన్నది సరిగ్గా ఆ ఆరు పరమాణువుల వలయమే.

ఇప్పుడు మందుల వాళ్ల ఆలోచనకు వద్దాం. కరగని మందును కరిగించడానికి దాని అణువునే మార్చేయవచ్చు. కానీ అణువు మారితే మందూ మారిపోతుంది. మళ్లీ మొదటి నుంచి పరీక్షలు. అలా కాకుండా, అణువును ముట్టుకోకుండా దాని పక్కన ఇంకో అణువును నిలబెడితే? రెండూ ఒకదానినొకటి పట్టుకుని, ఒకే వరుసలో, ఒకే స్ఫటికంగా కట్టుకుంటే? అదే కోక్రిస్టల్. మనం జంట స్ఫటికం అందాం. ఇందులో మందు అణువు చెక్కుచెదరదు. నిలబడే తీరు మారుతుంది, పక్కన నిలబడే తోడు మారుతుంది. తోడు మారితే కరిగే వేగం మారుతుంది, కరిగి ద్రవమయ్యే వేడి మారుతుంది, తేమను తట్టుకునే శక్తి మారుతుంది.

ఈ రకం పనికి ప్రపంచంలో పేరుపడ్డ చోట్లలో ఒకటి మన గచ్చిబౌలిలో ఉందంటే ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1979లో గౌతమ్ దేశిరాజు అక్కడి రసాయన శాస్త్ర విభాగంలో చేరారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు అక్కడే పనిచేశారు. స్ఫటికాలు వాటంతటవి ఎలా వస్తే అలా తీసుకోవడం కాదు, కావలసిన తీరులో కట్టవచ్చు అన్న ఆలోచనకు ఆయన 1989లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం పునాది గ్రంథం. క్రిస్టల్ ఇంజనీరింగ్ అన్న రంగానికి ఆ పేరు స్థిరపడటంలో దాని పాత్ర పెద్దది. భాగ్యనగరంలో కూర్చుని ఒకరు రాసిన పుస్తకాన్ని కేంబ్రిడ్జిలో, మిన్నెసోటాలో చదువుకున్నారు. తెలుగువాళ్లం ఈ సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలి.

అదే విభాగంలో ఆచార్యుడిగా పనిచేసినవారు అశ్విని నంగియా. తర్వాతి రోజుల్లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు సంచాలకుడిగా కూడా పనిచేశారు. ఆయనా, ఆయన విద్యార్థులూ కర్కుమిన్‌ను పట్టుకున్నారు. 2011లో వాళ్లు రెండు ముఖ్యమైన సంగతులు బయటపెట్టారు. మొదటిది, కర్కుమిన్ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఒకే తీరులో పేరుకోదు. అప్పటిదాకా తెలిసిన రూపం కాక, మరో రెండు స్ఫటిక రూపాలు ఉన్నాయి. అణువు అదే, పేరుకునే తీరు వేరు. రెండోది, మన కథకు గుండెకాయ లాంటిది. కర్కుమిన్‌కు ఇద్దరు తోడు దొరికారు.

తోడును ఎలా వెతుకుతారో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. ఒక కల్వం, ఒక గూటం. కర్కుమిన్ కొంత, తోడు పొడి కొంత, అణువుకు అణువు సరిపోయేలా తూచి వేస్తారు. పైన ఏదైనా ద్రావకం కొన్ని చుక్కలు. తడి పొడిగా అయ్యేలా నూరుతారు. ఆ కొద్ది తడిలోనే అణువులు కదిలి, పాత పట్లు వదిలి, కొత్త పట్లు వెతుక్కుంటాయి. నూరిన పొడి మీద ఎక్స్ కిరణాలు వేస్తారు. విడివిడిగా ఉన్నప్పటి గీతలే కనిపిస్తే, ఉత్త మిశ్రమం. ఎన్నడూ లేని కొత్త గీతలు కనిపిస్తే, కొత్త స్ఫటికం పుట్టింది. మన వైద్యులు తరతరాలుగా నూరిన కల్వం, ఎక్స్ కిరణాల యంత్రం ఒకే గదిలో ఉంటాయన్నమాట.

అలా నూరినప్పుడు పట్టు కలిసిన ఇద్దరు తోడుల పేర్లు రిసార్సినాల్, పైరోగల్లాల్. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. వాటి ఆకారం గుర్తుంచుకోండి. రెండూ చిన్న అణువులే. రిసార్సినాల్‌కు రెండు చేతులు, పైరోగల్లాల్‌కు మూడు. వాళ్లు వచ్చి ఏం చేశారు? కర్కుమిన్ లోపలి పట్టును విడదీయలేదు. దాని చెయ్యి దాని నడుము మీదే ఉంది. వీళ్లు తమ చేతిని తీసుకొచ్చి, కర్కుమిన్ మధ్యలో ఉన్న ఆ ఆక్సిజన్ మీద వేశారు. నడుము ఒక్కటే, దాని మీద సొంత చెయ్యి ఒకటి, పక్కవారి చెయ్యి ఇంకొకటి. ఆక్సిజన్‌కు అంత చోటుంది.

ఇది చాలా ముఖ్యమైన సంగతి కాబట్టి మళ్లీ ఒకసారి చెప్పుకుందాం. తన నడుము తనే పట్టుకున్న అణువు బయటికి చెయ్యి ఇవ్వడానికి ముందుకు రాదు. అలాంటి అణువుకు తోడు కావాలంటే, చేతులు బాగా ఉన్నవాళ్లను తీసుకురావాలి. ఇచ్చేవాళ్లు వస్తే, అందుకునే చోటు ఈ అణువులో ఉంది.

ఫలితం ఏమిటి? కర్కుమిన్ ఒంటరిగా ఉన్న స్ఫటికంతో పోలిస్తే, రిసార్సినాల్ జంట ఐదు రెట్లు వేగంగా కరిగింది. పైరోగల్లాల్ జంట పన్నెండు రెట్లు వేగంగా కరిగింది. ఇవి ఉత్త నీళ్లలో కొలిచిన లెక్కలు కావు. నీళ్లకు ఆల్కహాల్ కలిపి కొలిచారు, ఎందుకంటే ఉత్త నీళ్లలో కొలవడానికి సరిపడా కర్కుమిన్ కరగదు. కర్కుమిన్ స్ఫటికం కరిగి ద్రవం కావడానికి నూట ఎనభై డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. అంత గట్టిగా పేరుకుని ఉంటుంది. జంట స్ఫటికాలు అంతకంటే తక్కువ వేడికే లొంగాయి. వాటిలో తక్కువ వేడికి లొంగినదే ఎక్కువ వేగంగా కరిగింది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. పైకి చిన్నదిగా కనిపించినా, తోడు వెతికేవాళ్లు ఎక్కువ నేర్చుకోవాల్సింది దీని నుంచే. రిసార్సినాల్‌కు హైడ్రోక్వినోన్ అనే తోబుట్టువు ఉంది. ఇద్దరిలో ఉన్న పరమాణువులు ఒకటే, లెక్క ఒకటే. చేతులూ రెండే. తేడా అల్లా ఆ రెండో చెయ్యి ఎక్కడ మొలిచిందన్నదే. రిసార్సినాల్‌లో ఒక స్థానం వదిలి పక్కన ఉంది. హైడ్రోక్వినోన్‌లో సరిగ్గా ఎదురు చివరన ఉంది. 2012లో నంగియా బృందం హైడ్రోక్వినోన్‌ను కూడా కర్కుమిన్‌తో నూరింది. జంట స్ఫటికం రాలేదు. వచ్చింది యుటెక్టిక్. అంటే రెండూ సన్నగా కలిసి, విడివిడిగా కన్నా తక్కువ వేడికి కరుగుతాయి గానీ, ఒకే వరుస కట్టవు. ఎవరి గుంపు వారిదే, పక్కపక్కన. బి విటమిన్ కుటుంబానికి చెందిన నికోటినమైడ్, తవుడులో దొరికే ఫెరూలిక్ ఆమ్లం కూడా కర్కుమిన్‌తో యుటెక్టిక్‌లే ఇచ్చాయి. సంతోషించాల్సిన సంగతేమిటంటే, అవి కూడా ఒంటరి కర్కుమిన్ కన్నా వేగంగానే కరిగాయి. చేతులుంటే చాలదు. ఎక్కడున్నాయో, ఎటు చాచాయో కూడా కుదరాలి.

ఇక పసుపు మడి పక్కనే ఉన్న కాఫీ తోటలోకి నడుద్దాం. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజలోని కెఫీన్‌ను తలనొప్పి మాత్రల్లో కూడా వాడతారు. కెఫీన్ కథ కర్కుమిన్ కథకు పూర్తిగా తలకిందులు. దానికి ఇచ్చే చేతులు అసలే లేవు. నడుములే ఉన్నాయి. లోపలా ఏ పట్టూ లేదు. ఎవరు చెయ్యి వేస్తే వాళ్లను అందుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఎవరొస్తారు? నీళ్లు! నీటి అణువులు వచ్చి కెఫీన్ స్ఫటికంలోకి దూరి కూర్చుంటాయి. లంబసింగి లాంటి మంచు ఊళ్లో మూత తీసి పెట్టిన పొడి ఎలా ముద్దకడుతుందో మీకు తెలుసు. మాత్రలు చేసేవాళ్లకు ఈ తేమ పెద్ద తలనొప్పి. స్ఫటికం రూపం మారితే మాత్ర గట్టిదనం మారుతుంది, కరిగే తీరూ మారుతుంది.

కేంబ్రిడ్జిలో విలియం జోన్స్ బృందం 2005లో దీనికి ఒక ఉపాయం చూపించింది. నీళ్లు వచ్చేలోపే మరో చెయ్యిని అక్కడ పెట్టేశారు. తోటకూరలో, పాలకూరలో ఉండే ఆక్సాలిక్ ఆమ్లమే ఆ చెయ్యి. దానికి రెండు వైపులా చేతులు. ఒక్కో వైపు ఒక్కో కెఫీన్. ఆ జంట స్ఫటికాన్ని గాలి నిండా తేమ ఉన్నచోట వారాల తరబడి ఉంచినా నీళ్లు లోపలికి రాలేకపోయాయి. తేయాకులోని థియోఫిలిన్‌కు, కెఫీన్‌కు తేడా చాలా చిన్నది. కెఫీన్‌లో మిథైల్ గుంపు ఉన్న ఒక చోట థియోఫిలిన్‌కు హైడ్రోజన్ ఉంది. అంటే ఒక్క చెయ్యి ఎక్కువ. ఉబ్బసానికి వాడిన మందు అది. ఆ ఒక్క చేతి వల్ల అది స్ఫటికంలో నిలబడే తీరు మారిపోతుంది.

మిరియంలో ఘాటైన పైపరిన్ కూడా కెఫీన్ కోవకే చెందుతుంది. ఇచ్చే చెయ్యి లేదు, అందుకునే నడుము ఉంది. ఒకే కొండవాలు మీద మూడు పంటలు, మూడు అణువులు. అందుకే వీటికి తోడు వెతికే పద్ధతి ఒకటే కాదు.

మిరియం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పుకోవాలి. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు కర్కుమిన్‌తో పాటు కొంచెం పైపరిన్ ఇచ్చి చూశారు. మనుషుల రక్తంలో కర్కుమిన్ ఇరవై రెట్లు పెరిగింది. ఆ మాట విన్నాక పసుపు, మిరియం కలిపిన గుళికలు ఊరూరా వచ్చేశాయి. అయితే అక్కడ జరిగింది జంట స్ఫటికం కాదు. కర్కుమిన్‌ను మార్చి బయటికి తోసే పనిని పైపరిన్ ఆపింది. కరగడం వేరు, నిలవడం వేరు. ఆ గుళికల విషయంలో జాగ్రత్త కూడా అవసరం. పైపరిన్ ఆపేది ఒక్క కర్కుమిన్ సంగతే కాదు. మీరు వేసుకునే ఇతర మందులు కూడా రక్తంలో ఎక్కువసేపు ఉండిపోవచ్చు. కర్కుమిన్ గుళికలతో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి. కూరలో పసుపు వేరు, గుళికలో గాఢమైన సారం వేరు. వేసుకునే ముందు డాక్టరుకు చెప్పండి.

ఈ కొండలున్న మన్యం అనగానే గుర్తొచ్చే జబ్బు మలేరియా. దానికి ఇప్పుడు వాడే ముఖ్యమైన మందుల మూలం ఆర్టెమిసినిన్. చైనాలో ఒక మొక్క నుంచి దాన్ని విడదీసిన పరిశోధనకు తూ యూయూ 2015లో నోబెల్ అందుకున్నారు. ఆ అణువుకు కూడా ఇచ్చే చెయ్యి ఒక్కటీ లేదు. కేంబ్రిడ్జి బృందం డజన్ల కొద్దీ తోడులతో దాన్ని నూరి చూస్తే, 2010 నాటికి కుదిరినవి రెండే. ఒకటి ఆర్సినాల్. రెండోది ఎవరో చెప్పుకోండి! మనకు ఇందాక పరిచయమైన రిసార్సినాలే. పసుపుకు తోడు నిలిచినది మలేరియా మందుకూ తోడు నిలిచింది. ఆర్సినాల్ కూడా దానికి చుట్టమే, చేతులు అదే కోణంలో ఉంటాయి.

మరి ఇంత కుదిరితే, పసుపు జంట స్ఫటికం మందుల షాపులోకి ఎందుకు రాలేదు? తోడు మంచిది కాకపోవడం వల్ల. పైరోగల్లాల్ విష స్వభావం ఉన్నది. రిసార్సినాల్‌ను చర్మానికి రాసే మందుల్లో వాడతారు గానీ, రోజూ మింగించే తోడుగా పనికిరాదు. చేతులు బాగున్న తోడు కడుపుకు మంచిది కాదు. కడుపుకు మంచివైన నికోటినమైడ్ లాంటివి వరుసలోకి రావు. చిక్కు ఇక్కడే ఉంది. వేగంగా కరిగినది కూడా కరిగినట్టే ఉండాలి. నీళ్లలోకి రాగానే తోడు విడిపోయి, కర్కుమిన్ మళ్లీ తన పాత వరుసలో పేరుకుపోతే చేసిన పనంతా వృథా.

దారి మూసుకుపోలేదని చెప్పడానికి మరో మొక్క కథ ఉంది. ఆపిల్ వేరు బెరడులో 1835లో ఫ్లోరిజిన్ అనే పదార్థం దొరికింది. అది మూత్రంలోకి చక్కెరను పంపిస్తుందని తర్వాత తెలిసింది. దాని నమూనా మీద, ఎన్నో మార్పులతో, నేటి గ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మందులు పుట్టాయి. వాటిలో ఎర్టుగ్లిఫ్లోజిన్‌ను అమెరికా 2017లో అనుమతించింది. ఆ మాత్రలో ఉన్నది జంట స్ఫటికమే. తోడు పైరోగ్లుటామిక్ ఆమ్లం, మన ఒంట్లో కూడా ఉండే అణువు. లంబసింగి, చింతపల్లి చలిలో ఆపిల్ మొక్కలు నాటి చూస్తున్న రైతులకు ఈ సంగతి ఆసక్తిగా ఉంటుంది.

ఇక పసుపు దగ్గర మిగిలిన పని. మనం ఇప్పటిదాకా కర్కుమిన్ ఒక్కటే అన్నట్టు మాట్లాడుకున్నాం. నిజానికి కొమ్ములో ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉన్నారు. కర్కుమిన్ పెద్దక్క, పాలు కూడా ఆమెదే ఎక్కువ. రెండో ఆమెకు ఒక చివర ఉన్న మెథాక్సీ గుంపు ఉండదు. మూడో ఆమెకు రెండు చివరలా ఉండదు. చివరి చేతులు సగం పక్కకు మొగ్గి ఉంటాయని చెప్పుకున్నాం కదా, ఆ మొగ్గేది ఈ మెథాక్సీ ఆక్సిజన్ వైపే. అది లేకపోతే చెయ్యి పూర్తిగా ఖాళీ. కాబట్టి మూడో చెల్లెలు బయటివాళ్లతో పట్టు కలిపే తీరు అక్కకున్నట్టు ఉండదు. మధ్యలో ఉన్న పట్టు మాత్రం ముగ్గురిలోనూ అలాగే ఉంటుంది.

ఈ ముగ్గురి పాళ్లు రకాన్ని బట్టీ నేలను బట్టీ మారతాయి. మైదానపు దుగ్గిరాల పసుపు వేరు. కొండకు ఆవల ఒడిశాలోని పొట్టంగి పరిశోధన కేంద్రం విడుదల చేసిన రోమా రకం వేరు. గూడేల్లో తరతరాలుగా దాచుకున్న నాటు విత్తనం వేరు. పాడేరు కొండల కొమ్ము నుంచి తీసిన సారంలో ముగ్గురూ కలిసే వస్తారు. కల్వంలో వేసే ముందు వాళ్లను విడదీయాలి. ఒక్కొక్కరికీ విడిగా తోడు వెతకాలి, అదీ కడుపుకు హాని చేయని తోడు. ఆ తర్వాత ముగ్గురినీ కలిపి నూరితే ఎవరు ఎవరి చెయ్యి అందుకుంటారో మళ్లీ చూడాలి.